అప్పు చేతులు మారితే తీరినట్టేనా?

గత నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఇస్నాపూర్‌లో ఒక అద్దె ఇంటి వరండాలో పదిహేడు మంది ఆడవాళ్లం కూర్చున్నాం. పాశమైలారం ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ పని చేసేవాళ్లు, బొల్లారం నుంచి వచ్చిన ఇద్దరు క్యాంటీన్ కార్మికులు, రుద్రారంలో హాస్టల్ గదులు ఊడ్చే ఒకామె. కాంట్రాక్టర్లు ఇచ్చే జీతాల గురించి మాట్లాడుకుందామని కలిశాం. జీతం మాట పది నిమిషాల్లో అప్పుల మాటగా మారిపోయింది. ఈ ప్రాంతంలో ఎప్పుడు కూర్చున్నా ఇదే జరుగుతుంది.

ఒక చెల్లెలు టిఫిన్ సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అది క్రెడిట్ కార్డు బిల్లు. "నెల నెలా కడ్తనే ఉన్న అక్కా. రెండున్నర వేలకు అటో ఇటో, ఒక్క నెల కూడ తప్పలె. ఏడాదైంది. యాభై వేల అప్పు నలభై అయిదు కాడనే ఉన్నది. నేను కట్టిన పైసలు యాడికి పోయినయ్?" అని అడిగింది. కొడుక్కి డెంగ్యూ వచ్చినప్పుడు ప్రైవేటు ఆస్పత్రిలో గీకిన కార్డు అది. ఆ తర్వాత దానితో ఒక్క చీర కూడా కొనలేదు.

ఆమె రెండో ప్రశ్న ఇంకా చిక్కుది. మరో బ్యాంకు నుంచి ఫోన్ వచ్చిందట. ఆ అప్పంతా మా కార్డు మీదికి మార్చుకోండి, వడ్డీ సగం కంటే తక్కువ, ఈ నెలాఖరు వరకే అన్నారట. మార్చుకొమ్మని ఇంట్లో ఆయన అంటున్నాడు. పనిలో పనిగా నీ పుస్తెలతాడు కుదువ పెడితే నా కార్డు కూడా తీరిపోతుంది గదా అని కూడా అంటున్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కార్డు బిల్లు చదవడం నాకు బాగానే వచ్చని అనుకునేదాన్ని. కానీ కొన్నేళ్ల కిందట నేను కూడా నెలల తరబడి 'మినిమమ్' మాత్రమే కట్టి, బాకీ లేకుండా ఉన్నానని సంతోషించినదాన్నే. అందరం కలిసి కాగితాలు ముందేసుకుని లెక్క కట్టాం. ఈ సంపాదకీయం ఆ లెక్కే.

మనకు వడ్డీ అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్న లెక్కే అలవాటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఫరవాలేదంటాం, అయిదు రూపాయలంటే అమ్మో అంటాం. గిరిగిరి వాడి దగ్గర తీసుకుంటే కొంప మునుగుతుందని పిల్లలకు కూడా చెబుతాం. కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎందుకో పనిచెయ్యదు. అది ప్లాస్టిక్ ముక్క, బ్యాంకు పేరుంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. ఆ చెల్లెలి బిల్లు వెనక సన్న అక్షరాల్లో ఉన్న వడ్డీ నెలకు మూడున్నర శాతం. అంటే నూటికి మూడున్నర రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే మనం గడప దిగి వచ్చేస్తాం.

యాభై వేలకు నెల వడ్డీ 1,750 రూపాయలు, పన్ను 315. మొత్తం 2,065. బిల్లులో కట్టమన్న కనీస మొత్తం అయిదు శాతం, అంటే 2,500. అందులో అసలుకు చేరేది 435 రూపాయలే. బాకీ కాస్త తగ్గితే మరుసటి నెల కనీస మొత్తం కూడా కాస్త తగ్గుతుంది. అలా ఏడాది పాటు ఆమె కట్టింది 28 వేల పైచిలుకు. అప్పు తగ్గింది అయిదు వేలు. ఆమె లెక్క తప్పలేదు. ఆమెను ఎవరూ దొంగలెక్కతో మోసం చెయ్యలేదు కూడా. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు నెలలూ ఏళ్లూ సాగుతుందని ప్రతి బిల్లు మీదా హెచ్చరిక ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ హెచ్చరిక ఆమె బిల్లు మీద కూడా ఉంది, ఆమె చదవలేని భాషలో.

అయితే ఇంకో కార్డుకు మార్చుకుంటే? దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కొత్త బ్యాంకు మన పాత కార్డు బాకీ కట్టేస్తుంది, మనం కొత్త బ్యాంకుకు తక్కువ వడ్డీతో వాయిదాల్లో కట్టాలి. ఫోన్‌లో ఆమెకు చెప్పినది నెలకు ఒకటిన్నర శాతం, ఆరు నెలలు, మొదట రెండు శాతం రుసుము. లెక్క కడితే నెల వాయిదా దాదాపు 8,776 రూపాయలు. ఆరు నెలల వడ్డీ, దాని మీద పన్ను, మొదటి రుసుము, దాని పన్ను అన్నీ కలిపినా 4,300 రూపాయల చిల్లర. పాత కార్డులో రెండు నెలల వడ్డీకే అంత అవుతుంది. ముప్ఫయి, నలభై వేల జీతం వచ్చి, నెలకు తొమ్మిది వేలు పక్కన పెట్టగలిగిన మనిషికి ఇది నిజంగా మంచి బేరం. అలాంటి పాఠకులుంటే మొహమాటం లేకుండా మార్చుకోండని చెబుతాను. కార్డు మీద నాకు పగ లేదు.

కానీ ఆ చెల్లెలి చేతికొచ్చేది పదమూడు వేలు. అద్దె, బియ్యం, పిల్లవాడి ఫీజు పోగా ఎనిమిది వేల వాయిదా ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండో నెలే తప్పుతుంది. తప్పితే ఆలస్య రుసుము పడుతుంది, తక్కువ వడ్డీ పోయి పెద్ద వడ్డీ వచ్చి కూర్చునే ప్రమాదం ఉంటుంది. వడ్డీ తక్కువా ఎక్కువా అన్నది సగం ప్రశ్న. వాయిదా మన జీతంలో ఇముడుతుందా అన్నది మిగతా సగం. ఫోన్ చేసేవాళ్లు మొదటి సగమే చెబుతారు.

కార్డుకు మార్చుకోగలిగిన వాళ్లు కూడా నాలుగు సంగతులు కాగితం మీద చూసుకోవాలి. ఒకటి, రుసుముతో పన్నుతో కలిపి మొత్తం ఎంత కడతామో రాసి ఇమ్మనాలి. 2024 అక్టోబరు నుంచి వ్యక్తులకిచ్చే అన్ని రకాల అప్పులకూ ఖర్చులన్నీ ఒక్కచోట చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. కార్డు బాకీలకు ఆ ఏర్పాటు వర్తించదని ఎవరైనా అన్నా సరే, రేట్ల పట్టిక ఇవ్వక తప్పదు, అడగండి. రెండు, తక్కువ వడ్డీ ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత. మూడు, ఆ కొత్త కార్డుతో ఒక్క రూపాయి సామాను కూడా కొనకూడదు. బాకీ ఉన్న కార్డు మీద కొన్నదానికి వడ్డీలేని గడువు సాధారణంగా ఉండదు, కొన్న రోజు నుంచే పెద్ద వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో నగదు తీస్తే అసలు గడువే లేదు. నాలుగు, పాత కార్డును మూయించాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. బాకీ లేని కార్డును మూయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలనీ, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలనీ 2022 నాటి నియమం. పాత కార్డు ఖాళీ అయిందని సంబరపడి దాన్ని బీరువాలో పెట్టుకుంటే, పండగకో పెళ్లికో అది మళ్లీ బయటికొస్తుంది. అప్పుడు ఒక అప్పు రెండవుతుంది.

ఇది మనకు కొత్త పాఠం కూడా కాదు. ఈ రాష్ట్రాల ఆడవాళ్లు దీన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 2010 వరకు సూక్ష్మరుణ సంస్థలు గ్రామాల్లో, బస్తీల్లో పోటీలు పడి అప్పులిచ్చాయి. మంగళవారం ఒక సంస్థ వాయిదా, గురువారం ఇంకో సంస్థది. ఒకదాని వాయిదా కట్టడానికి మరొకదాని దగ్గర తీసుకున్నారు. అప్పు చేతులు మారింది, తీరలేదు. ఇళ్ల ముందు కూర్చుని వసూళ్లు చేశారు, ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. వారం వారం వసూళ్లకు అడ్డుకట్ట పడింది. రిజర్వు బ్యాంకు కింద ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఇప్పుడు మన చేతిలో ఉన్న రక్షణ ప్రధానంగా రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడు లక్షల లోపు ఉంటే, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా సూక్ష్మరుణం ఇవ్వకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. ఇవి గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు.

మరి ఆ చెల్లెలికి దారేది? వరండాలో ఉన్నవాళ్లలోనే ఒక పెద్దామె చెప్పింది, "సంఘంల తీస్కోరాదు?" అని. ఆమె తమ పొదుపు సంఘం రెండో నాయకురాలు. సంఘంలో లోపలి అప్పు నూటికి రూపాయి వడ్డీ. యాభై వేలు ఇరవై నాలుగు నెలలకు తీసుకుంటే నెల వాయిదా 2,354 రూపాయలు. మొత్తం కట్టేది 56,500 లోపు. అదే పాత కార్డుకు ప్రతి నెలా తగ్గకుండా 2,500 చొప్పున కట్టినా, తీరడానికి దాదాపు 44 నెలలు, లక్షా ఎనిమిది వేలు. ఆమె ఇప్పటికే కడుతున్నది ఇంచుమించు అంతే. ఒక కాగితం మీద ఆ డబ్బు ఏళ్ల తరబడి కరిగిపోతుంది, ఇంకో కాగితం మీద రెండేళ్లలో ఆమెను అప్పులోంచి బయట పడేస్తుంది. ఈ తేడా నోటితో చెప్పగానే వరండాలో అందరూ ఒక్కసారి మాటలాపేశారు.

"బర్రెలకు, కుట్టు మిషన్లకు తప్ప పాత అప్పులకు సంఘం పైసలు ఇయ్యరు గద" అని ఎవరో సందేహం వెలిబుచ్చారు. చాలా సంఘాల్లో ఇదే నమ్మకం ఉంది. నిజానికి గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకిచ్చే బ్యాంకు రుణాన్ని, ఎక్కువ వడ్డీ అప్పుల నుంచి బయటపడటానికి కూడా వాడుకోవచ్చని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. అది సభ్యురాలు సిగ్గుపడుతూ, అబద్ధం చెప్పి తీసుకోవాల్సిన అప్పు కాదు. 'కిరాణా కొట్టు పెట్టడానికి' అని రాయించుకుని కార్డు కట్టుకునే బదులు, ఉన్న కారణం ఉన్నట్టు తీర్మానంలో రాయించుకుంటే సంఘానికీ మంచిది, ఆమెకూ మంచిది. అద్దె ఇళ్లలో ఉంటూ ఏ సంఘంలోనూ చేరని వలస కార్మికులకు ఈ దారి మూసుకునే ఉంది. ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన అక్కచెల్లెళ్లు ఈ బెల్టులో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. వాళ్లను సంఘాల్లో చేర్చుకోవడం మన బాధ్యతగా ఎప్పుడు గుర్తిస్తాం?

ఇక పుస్తెలతాడు సంగతి. వడ్డీ లెక్క ఒక్కటే చూస్తే బంగారం మీద బ్యాంకు అప్పు చాలా చవక. కార్డు బాకీ తీర్చడానికి అంతకంటే తేలిక మార్గం కనిపించదు. కానీ పూచీ లేని అప్పును పూచీ ఉన్న అప్పుగా మార్చుకుంటున్నామన్న సంగతి ఆ లెక్కలో కనిపించదు. కార్డు కట్టలేకపోతే బ్యాంకు ఫోన్లు చేస్తుంది, నోటీసులిస్తుంది, సివిల్ కోర్టుకు పోతుంది. బంగారం విడిపించలేకపోతే వేలం వేస్తుంది. ఆమెకున్న ఒకే ఒక ఆస్తి పోతుంది. పైగా అప్పు ఎవరిది, బంగారం ఎవరిది? పుట్టింటివాళ్లు పెట్టినది, పెళ్లిలో వచ్చినది స్త్రీధనం. అది పూర్తిగా ఆమె సొత్తు, భర్తకు దాని మీద హక్కు లేదు, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. ఇంట్లో బిడ్డకు జబ్బు చేస్తే ఏ తల్లీ బంగారం గురించి ఆలోచించదు. కానీ అతని కార్డు మీద ఏముందో బిల్లు కూడా చూపించకుండా, ఇద్దరిదీ ఒకటే సంసారం గదా అని మెడలోది అడగడం వేరు. సంసారం ఒకటే అయితే బిల్లు కూడా ఒకటే కావాలి.

సంతకాల విషయంలో కూడా అంతే జాగ్రత్త అవసరం. భర్త కార్డు బాకీకి భార్య బాధ్యురాలు కాదు, ఆమె కలిసి దరఖాస్తు చెయ్యకపోతే, హామీ సంతకం పెట్టకపోతే. ఒకసారి హామీదారుగా సంతకం పెట్టాక అసలు అప్పుదారుకు ఎంత బాధ్యతో ఆమెకూ అంతే. అతను చనిపోతే వారసుల మీద బాకీ, అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే ఉంటుంది. ఫ్యాక్టరీ ప్రమాదాలు కొత్త కాని ఈ ప్రాంతంలో ఈ సంగతి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు తర్వాత మనం చూసిన ఇళ్లను మర్చిపోగలమా? దుఃఖంలో ఉన్న మనిషి ముందు వసూలు ఏజెంటు కాగితం పెడితే, చదవకుండా సంతకం పెట్టవద్దు.

వసూళ్ల గురించి ఇంకొంత. కట్టలేకపోవడం నేరం కాదు. పోలీసులొచ్చి పట్టుకుపోతారని ఫోన్‌లో చెప్పేది బెదిరింపు. అయితే చెక్కు ఇచ్చి అది చెల్లకపోయినా, ఖాతాలోంచి వాయిదా కోసుకొమ్మని రాసిచ్చి అందులో డబ్బు లేకపోయినా చట్టం కింద కేసు పెట్టే వీలుంది, కాబట్టి అలాంటివి ఇచ్చేముందు ఆలోచించాలి. ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. బంధువులకూ పక్కింటివాళ్లకూ చెప్పి పరువు తియ్యకూడదు. చేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఖర్చు లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చెయ్యాలో చెబుతారు. ఫోన్ యాప్‌లో అప్పు ఇచ్చి ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరించేవాళ్ల మీద 1930కి ఫిర్యాదు చెయ్యాలి. కోర్టు నోటీసు వస్తే సంగారెడ్డి కోర్టులో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది.

ఇంత చెప్పాక కూడా ఒక మాట మిగిలే ఉంది. ఆ చెల్లెలు కార్డు గీకింది ఎందుకు? పిల్లవాడి జబ్బుకు. ఆమెకు ఈఎస్ఐ ఉండి ఉంటే, రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి బస్సు దూరంలోనే ఉంది. నాలుగేళ్లుగా పనిచేస్తున్నా ఆమె పేరు నమోదు కాలేదు, జీతం చీటీ కూడా లేదు. నమోదు చెయ్యని కాంట్రాక్టరు ఎగ్గొట్టిన ఖర్చునే ఆమె నాలుగు రూపాయల వడ్డీతో బ్యాంకుకు కడుతోంది. అప్పు తెలివిగా వాడుకోవడం నేర్పే ఉపన్యాసాలు మనకు కొదవలేదు. ఆడవాళ్లు పొదుపరులు కావాలని అందరూ చెబుతారు. పదమూడు వేలతో నలుగుర్ని పోషిస్తున్న మనిషికి పొదుపు నేర్పడానికి మనమెవరం? నేర్పవలసింది లెక్క, అడగవలసింది హక్కు. ఈ రెండూ కలిసి నడవాలి. లెక్క తెలియకుండా హక్కు గురించి మాట్లాడితే ఈ నెల వాయిదా ఆగదు. హక్కు అడగకుండా లెక్క మాత్రమే చూసుకుంటే వచ్చే ఏడు మరో జబ్బు, మరో కార్డు.

ఆ చెల్లెలు ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. సంఘం సమావేశంలో ఉన్న మాట ఉన్నట్టు చెప్పి అప్పు అడిగింది. ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు, గంటన్నర వాదన జరిగింది, చివరికి మిగిలిన నలభై అయిదు వేలకు ఒప్పుకున్నారు. కార్డు కట్టేసి, మూసేసినట్టు బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకుంది. ఫోన్ చేసిన రెండో బ్యాంకుకు వద్దని చెప్పింది. పుస్తెలతాడు ఇవ్వలేదు. ముందు నీ బిల్లు చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం అందట. ఇంట్లో పదిరోజులు మాటల్లేవు. పదకొండో రోజు అతను బిల్లు తెచ్చి ముందు పెట్టాడు. అందులో సగం బాకీ ఊళ్లో చెల్లెలి పెళ్లి ఖర్చు అని అప్పుడు తెలిసింది. దాని లెక్క ఇంకా తేలలేదు. ఈఎస్ఐ నమోదు కోసం ఆమె, ఆమెతో పాటు మరో ఎనిమిది మంది రాసిన అర్జీ ఇప్పుడు కాంట్రాక్టరు దగ్గర ఉంది. పదిహేను రోజుల్లో పలకకపోతే ఈఎస్ఐ కార్యాలయానికి అందరం కలిసే వెళదామనుకున్నాం.

వచ్చే సమావేశానికి మీ దగ్గరున్న బిల్లులు, చిట్టీ పుస్తకాలు, కుదువ రసీదులు తీసుకురండి. మీవే కాదు, మీ ఇంట్లో మగవాళ్లవి కూడా. సిగ్గుపడకండి. ఆ వరండాలో పదిహేడు మందిమి కూర్చున్నాం. అప్పు లేనివాళ్లు ఒక్కరూ లేరు.